నలభై ఒకటో పేజీ

ఆ సోమవారం వరసలో మొదటి మనిషి జోగమ్మ. తాల్‌బగీచా నుంచి నడిచి వచ్చి, ఇంకా తాళం తియ్యని ఆరోగ్య సంఘం మెట్ల మీద గంటన్నర నుంచి కూర్చుని ఉంది. ఒళ్లో ప్లాస్టిక్ సంచి. అందులో భర్త మరణ ధ్రువపత్రం, పెన్షను పుస్తకం, ఖాళీ అయిన సుగరు మందు డబ్బా.

కలకత్తా వైపున్న ఆ రైల్వే ఊళ్లో, రిటైరైన కార్మికులు తమలో తాము నడుపుకునే సంఘం అది. పూరీ గేట్ దగ్గర రెండు గదుల పాత ఇల్లు. ముందు గదిలో కౌంటరు, వెనక గదిలో డాక్టరు వారానికి నాలుగు రోజులు. కార్డు ఉంటేనే డాక్టరు చీటీ, చీటీ ఉంటేనే మందు. నెల క్రితం దాకా కార్డులన్నీ లావుపాటి పుస్తకాల్లో ఉండేవి. ఇప్పుడు కంప్యూటర్లోకి ఎక్కాయి. ఎక్కించింది ఖరిదా బజారులో మందుల దుకాణం మేడ మీద కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే చిన్న ఆఫీసు. ఆ ఆఫీసులో పనిచేసే దేవమణి ఆ ఉదయం కౌంటరు పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. కొత్త పేజీలు వేసిన ప్రతిసారీ మిషను మొరాయిస్తోందని సంఘం వాళ్లు ఫోను చేస్తే, చూసి రమ్మని పంపించారు.

ఎనిమిదికి నూకయ్య కిటికీ రెక్క తీశాడు. స్టోర్సులో రికార్డు గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. కౌంటరు మీద గుడ్డతో ఒకసారి, కీబోర్డు మీద చేత్తో ఒకసారి తుడిచి, కళ్లజోడు పెట్టుకున్నాడు.

"రా జోగమ్మక్కా. ఏటి కావాల?"

"మా ముసిలోడి పేరు తీసీసి నా పేరు ఎక్కించు తమ్ముడూ. ఆడి పేరుతో చీటీ ఇవ్వరంట. మందయిపోయి రెండ్రోజులయినాది."

నూకయ్య మౌసుని మెల్లగా, నీళ్లగ్లాసు జరిపినట్టు జరిపి, 'భార్య పేరుకు మార్పు' అన్న చోట నొక్కాడు. తెర మీద గడియారం బొమ్మ తిరిగింది. తిరుగుతూనే ఉంది. వెనక వరసలో ఎవరో దగ్గారు. నిమిషం దాటాక తెర తెల్లబడి, పైనించి కింద దాకా ఇంగ్లీషు అక్షరాలు బిలబిలమంటూ దిగాయి.

నూకయ్య దేవమణి వైపు చూశాడు. "మళ్ళీ నొక్కు బాబాయ్," అంది ఆమె. నొక్కాడు. మళ్లీ అవే అక్షరాలు. మూడోసారీ అంతే.

అప్పుడే సంఘం కార్యదర్శి పరబ్రహ్మం గొడుగు మడుస్తూ లోపలికి వచ్చాడు. రైల్వే స్కూల్లో మేస్టరుగా చేసి రిటైరైన మనిషి. మెత్తగా మాట్లాడినా గది చివర దాకా వినబడుతుంది.

"ఏటయ్యింది?"

"పేజీ తెరుసుకోటం నేదండి."

"నెల క్రితం నా కళ్ళెదుట తెరిచి చూపించారు కదా. అప్పుడు బాగానే ఉంది. నీ చేతిలోకి వచ్చాక ఎందుకు పాడయింది? ఏటి నొక్కినావు?"

"నానేటీ నొక్కనేదండి. ఇదిగో, ఇదే నొక్కినాను."

పరబ్రహ్మం కౌంటరు మీద చేతులు ఆనించి వంగాడు. నూకయ్య వేళ్లు వణుకుతున్నాయి. చలికో, కంగారుకో.

"చేతులెందుకు వణుకుతున్నాయి? మళ్ళీ మొదలెట్టినావా?"

ఎంత అని అడగలేదు, ఏమిటి అని చెప్పలేదు. చెప్పక్కర్లేదు. వరసలో ఉన్న పాతికమందిలో సగం మందికి నూకయ్య పదకొండేళ్ల కిందట ఎలా తాగేవాడో తెలుసు. ఎవరో చిన్నగా నవ్వారు. నూకయ్య కళ్లజోడు తీసి, మడిచి, జేబులో పెట్టుకుని, కుర్చీలోంచి లేచి పక్కకి నిలబడ్డాడు. వెళ్లమని ఎవరూ అనలేదు. కూర్చోమనీ అనలేదు.

దేవమణి నోరు తెరిచింది. ఏమి చెప్పాలో మాట కుదిరేలోపే పరబ్రహ్మం, "రేపు రామ్మా జోగమ్మా. తరవాతెవరు?" అన్నాడు. ఆమె నోరు మూసుకుంది.

జోగమ్మ సంచి పట్టుకుని మెట్లు దిగుతుంటే, పక్కకి నిలబడ్డ నూకయ్య ఆమెకి దారి ఇచ్చాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

ఖరిదా మేడ మీద ఆఫీసుకి వచ్చేసరికి పదకొండు దాటింది. సోమేశ్వరరావు తలకి చెయ్యి ఆనించుకుని ఏదో ప్రింటు కాగితం చూస్తున్నాడు. రైల్వే లెక్కల ఆఫీసులో పనిచేసి, ముందుగానే రిటైర్మెంటు తీసుకుని ఈ ఆఫీసు పెట్టుకున్నాడు. తను, దేవమణి, ఒక టైపిస్టు. అంతే.

"నూకయ్య తప్పు కాదు సార్. మన పేజీయే పాడు."

"ఏ పేజీ?"

"భార్య పేరుకి మార్చేది."

సోమేశ్వరరావు కాగితం కింద పెట్టాడు. ఆ పేజీ రాసింది ఆయనే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

"నేను రాసినప్పుడు నడిచింది. పరబ్రహ్మం గారికి చూపించినాను కూడా."

"ఇప్పుడు నడవటం లేదు. మన పేజీల పద్ధతి అదే కదా సార్. ఎవరో ఒకరు మొదటిసారి అడిగితే గానీ సర్వరు దాన్ని జావాలోకి మార్చి, మిషను భాషలోకి కంపైల్ చెయ్యదు. అందుకే మొదటివాళ్ళు నిమిషం పైన కూర్చోవాలి. రెండోవాళ్ళకి టక్కున వచ్చేస్తాది. రాతలో తప్పుంటే అదీ మొదటివాళ్ళకే తగుల్తాది. ఈ నెలలో భర్త పోయి వచ్చినది జోగమ్మ ఒక్కతే."

"అయితే సరిచేసి వెయ్యి."

"మిగతావాటి సంగతో? అరవై మూడు పేజీలున్నాయి. అందులో ఇప్పటిదాకా ఎన్ని తెరిచినారో మనకి తెలుసా? ఇక్కడే, మనం పేజీలన్నీ కలిపి కట్టేటప్పుడే, అన్నీ కంపైల్ చేసేసి ఇస్తే కౌంటరు దగ్గర ఎవరూ ఆగక్కర్లేదు. తప్పున్నది ఇక్కడే ఆగిపోతాది."

"ఇప్పుడు కట్టడానికి నాలుగు నిమిషాలు పడుతోంది. నువ్వు చెప్పినట్టు చేస్తే ఈ మిషను మీద గంట. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటికి. శనివారం సంఘం వాళ్ళు రెండో విడత పని కాగితాల మీద సంతకం పెడతామన్నారు దేవమణీ. మందుల జాబితా, డాక్టరు చీటీ, అన్నీ మనకే. ఇప్పుడు మన తప్పులు మనమే వెతికి పట్టుకెళ్ళి చూపించటం ఎందుకు?"

"మరి నూకయ్య?"

"అది వాళ్ళ సంఘం సంగతి."

ఆయన గొంతులో కోపం లేదు. తెల్లవారుజామున లేచి రెండు రాత్రుళ్ల నిద్ర బాకీ ఉన్న మనిషి గొంతు అది. దేవమణి తన బల్ల దగ్గరికి వెళ్లి, కంప్యూటర్ ఆన్ చేసి, అది లేచే లోపల టిఫిను డబ్బా తీసి చూసి, మూసేసింది.

సాయంత్రం ఇంట్లో సొలొమోను చెప్పులు విప్పుతూ ఉండగానే అంతా చెప్పింది. సొలొమోను రైల్వే వర్కుషాపులో రైలుపెట్టెలు బాగుచేసే చోట ఫిట్టరు. భార్య చెప్పేది సగమే అర్థమవుతుంది గానీ పూర్తిగా వింటాడు.

"అంటే మీ పేజీలు షాపులోంచి పరీక్ష నేకుండానే బయటికి పోతన్నాయన్నమాట."

"పరీక్ష ఉంది. కొన్ని తెరిచి చూస్తాం."

"కొన్నేటి? మాకాడ పెట్టె బయటికి పోయే ముందు బ్రేకు పట్టి సూస్తాం. ప్రతీ పెట్టెకీ. నాలుగింటికి సూసి మిగతావి పోనిమ్మంటే ఎవులొప్పుకుంటారు? పట్టనేదని తెలిసేది బండి పరిగెట్టేటప్పుడా?"

దేవమణి బియ్యం కడుగుతూ ఆగింది. నీళ్లు వంపి మళ్లీ పోసింది.

"సార్ వద్దన్నారు."

"సారు వద్దంటారు. మా ఫోర్‌మేను కూడా బేగి బేగి అంటాడు." సొలొమోను తువ్వాలు భుజాన వేసుకుని నూతి వైపు నడిచాడు.

మంగళవారం ఆమె గంట ముందు ఆఫీసుకి వెళ్లింది. గళ్ల నోటుపుస్తకంలో పేజీల పేర్లన్నీ ఒకదాని కింద ఒకటి రాసుకుంది. అరవై మూడు. ప్రతి పేజీనీ తీసి, జావాలోకి మార్చి, కంపైల్ చేసి, తరవాతదానికి వెళ్లమని ఒక చిన్న ఫైలు రాసింది. చెప్పడానికి రెండు ముక్కలు. మిషను మాత్రం పదిహేనో పేజీ దగ్గరే మెమరీ చాలదని ఆగిపోయింది. పదేసి పేజీల చొప్పున విడగొట్టింది. రెండో పదిలో కరెంటు పోయి యూపీఎస్ కుయ్యోమంది. అది అయిదు నిమిషాలే ఆగుతుంది. అన్నీ ఆపి, కిటికీ దగ్గర నిలబడి కింద బజారు చూస్తూ, కరెంటు వచ్చాక మళ్లీ మొదలుపెట్టింది. మధ్యాహ్నం సోమేశ్వరరావు వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. తెర మీద ఒక్కొక్క పేరే కదులుతోంది. చూసి, తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే సంఘం నుంచి టైపిస్టుకి కబురు అందింది. జోగమ్మ మళ్లీ వచ్చిందట, మళ్లీ పంపేశారట. కౌంటరులో పరబ్రహ్మం మేనల్లుడు కూర్చున్నాడట. పేజీ అతనికీ తెరుచుకోలేదు. నూకయ్య ఏదో నొక్కి పాడుచేసి వెళ్లాడు, అందుకే ఎవరికీ రావటం లేదు అన్నారట.

కరెంటు పోయినప్పుడల్లా మళ్లీ మొదలుపెట్టుకుంటూ వస్తే బుధవారం మూడింటికి నాలుగో పది అయింది. అయిదో పదిలో మొదటి పేరు దగ్గరే కదలిక ఆగి, ఎర్రటి వరస ఒకటి పడింది. నలభై ఒకటి. భార్య పేరుకు మార్పు. దేవమణి కుర్చీలో వెనక్కి వాలింది. రెండు రోజులుగా ఎదురుచూస్తున్నది అదే. ఇది కాగితం మీద ప్రింటు తీసి పట్టుకెళ్లొచ్చు. చూడండి, ఇది కౌంటరు దాకా రాకముందే పాడైన పేజీ, నూకయ్య వేళ్లకి దీనితో సంబంధం లేదు అని చెప్పొచ్చు.

మిగతావి కూడా చూద్దామని ఆ ఒక్కదాన్నీ వదిలేసి ముందుకు పంపింది. నలభై రెండు, నలభై మూడు. టీ వచ్చింది. యాభై. అరవై. అరవై మూడు. ఇంకొక్క ఎర్ర వరస కూడా లేదు. సోమేశ్వరరావు రాసినవి ముప్ఫైకి పైగా ఉన్నాయి, అన్నీ శుభ్రంగా ఉన్నాయి.

అప్పుడు నలభై ఒకటో ఫైలు తెరిచింది. తప్పు నూట పన్నెండో వరసలో ఉందని మిషను చెప్పింది. అక్కడికి దిగింది. పెళ్లి తేదీ అడిగే ఖాళీ గడి. గడి చుట్టూ కొటేషను గుర్తు తెరిచి ఉంది, మూసి లేదు. ఆ పైవరసలో, ఎప్పుడు ఎవరు మార్చారో రాసుకునే చోట, రెండు పొడి అక్షరాలు, ఒక తేదీ. దే.మ. అక్టోబరు 29.

ఆమె ఆ వరసని చాలాసేపు చూసింది.

ఒరిస్సా మీద తుఫాను పడ్డ రోజు అది. ఇక్కడా పొద్దుటి నుంచి గాలి, వాన. కరెంటు వస్తూ పోతూ ఉంది. పరబ్రహ్మం ఫోను చేసి, భార్య పేరుకి మార్చేటప్పుడు పెళ్లి తేదీ కూడా అడగాలి, లేకపోతే కమిటీ ఒప్పుకోదు అన్నాడు. సోమేశ్వరరావు ఊళ్లో లేడు. కింద దుకాణం వాళ్లు షట్టరు దించేస్తున్నాం, వచ్చెయ్యమ్మా అని అరుస్తున్నారు. యూపీఎస్ కూస్తోంది. ఒక్క గడే కదా అని రాసి, సేవ్ చేసి, ఆర్పేసి మెట్లు దిగింది. తెరిచి చూడలేదు.

టైపిస్టు సంచి సర్దుకుని, "దీదీ, రావటం లేదా?" అని అడిగి వెళ్లిపోయింది. దేవమణి ఒక కొటేషను గుర్తు కొట్టింది. నలభై ఒకటో పేజీని మళ్లీ పంపింది. ఎర్ర వరస రాలేదు.

గురువారం పొద్దున్నే సోమేశ్వరరావు గదిలోకి వెళ్లి చెప్పింది. దాచకుండా, తేదీతో సహా. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని ఆమె మొహం చూశాడు.

"నేను రాసినదాంట్లో తప్పని అనుకున్నావు కదూ?"

"అనుకున్నాను సార్."

ఆయనకి కాస్త నవ్వు వచ్చింది. వెంటనే పోయింది. "సరే. సరిచేసినావు కదా. ఫ్లాపీలు పట్టుకెళ్ళి వేసి రా. ఇంకేటి?"

"నూకయ్య బాబాయి."

"శనివారం సంతకం కానీ. తరవాత పరబ్రహ్మం గారికి నేనే మెల్లగా చెప్తాను."

మెల్లగా అంటే ఎప్పటికీ చెప్పకపోవటమేనని ఆమెకి తెలుసు. ఆయనకీ తెలుసు. బల్ల మీద కాగితాలు సమంగా పేర్చుకుంటూ, "ఈ ఆఫీసు మూసేస్తే నేను మళ్ళీ ఎవడి దగ్గరా చేరలేను దేవమణీ. ఈ వయసులో," అన్నాడు.

ఆమె ఆ రోజంతా అరవై మూడు పేజీలూ ఫ్లాపీల్లోకి ఎక్కించింది. సాయంత్రం ఇంటికి వెళ్లకుండా తాల్‌బగీచా వైపు రిక్షా మాట్లాడుకుంది.

నూకయ్య ఇంటి ముందు సైకిలు తలకిందులుగా పెట్టి, జారిపోయిన గొలుసు ఎక్కిస్తున్నాడు. చేతులు నల్లగా ఉన్నాయి. ఆమెని చూసి లేవబోతే వద్దంది. లోపల్నించి కోడలు వచ్చి పీట వేసి వెళ్లిపోయింది.

"నిన్ను రావద్దన్నారా బాబాయ్?"

"అన్లేదు. మేనల్లుడు కూకున్నాడు కదా, నువ్వు కొన్నాళ్ళు ఇంటికాడ ఉండి ఒంటికి ఇస్రాంతి ఇయ్యి అన్నారు." గొలుసు ఒక పన్ను మీద పడింది, రెండోదాని మీంచి జారింది. "సోమారం సాయంత్రం ఇంటికొచ్చీసరికే కబురొచ్చీసినాది. కోడలు మంచినీల్లు తెచ్చి ఇచ్చి, దగ్గరికి వొంగినాది. నా నోరు వాసన సూస్తందని తెలిసిపోనాది. నాను కావాలనే నోరు తెరిసి గట్టిగా ఊదినాను. అది ఏడిసీసినాది. నానేటి సేసినాను మణమ్మా? ఇదిగో, ఈ యేలుతో ఒక్క సారి నొక్కినాను."

ఆయన నల్లటి చూపుడు వేలు ఎత్తి చూపించాడు.

"నువ్వేమీ చెయ్యలేదు. ఆ తప్పు నాది బాబాయ్. నేను రాసినాను, చూడకుండా పంపించినాను. నువ్వు కాక ఇంకెవరు నొక్కినా అలాగే అయ్యేది."

నూకయ్య పెడలు తిప్పడం ఆపాడు. చక్రం కాసేపు దానంతటదే తిరిగింది.

"నీదా?"

"నాదే."

"సోమారం నువ్వు నా పక్కనే ఉన్నావు కదా."

"అప్పటికి నాకు తెలీదు. కానీ నీ తప్పు కాదని మాత్రం తెలుసు. చెప్పలేదు."

ఆయన గుడ్డ తీసుకుని ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు. ఆమె ఎదురుచూసింది. తిడతాడేమో అనుకుంది. తిడితే బాగుండుననీ అనుకుంది.

"నాకు సెప్పీసి ఏటి లాభం?" అన్నాడు చివరికి. "నాను తాగనేదని నాకు తెల్దా? కిటికీకాడ నిలబడ్డోలు యిన్నారు. నవ్వినారు. సెప్తే ఆలకి సెప్పు. నేదంటే వొగ్గీ."

మళ్లీ గొలుసు మీదకి వంగాడు. దేవమణి ఇంకో నిమిషం కూర్చుని లేచింది.

శుక్రవారం ఏడింటికే సంఘం వెనక గదిలో సర్వరు ముందు కూర్చుంది. నాలుగు ఫ్లాపీలు. ఒక్కొక్కటీ పెట్టి, అది గరగరమని చదివేదాకా ఆగి, తీసి, రెండోది పెట్టింది. ఇంతకు ముందు తను రాసిన రాత మాత్రమే తెచ్చి, కంపైల్ చేసే పని ఇక్కడి సర్వరుకి వదిలేసేది. ఈసారి కంపైల్ అయిన పేజీలు కూడా తెచ్చింది, అరవై మూడూ. ఎనిమిదికి కిటికీ రెక్క తీసిన చప్పుడు వినబడి ముందు గదిలోకి వచ్చింది.

జోగమ్మ మొదట లేదు. ముందు ఇద్దరున్నారు. గోడకి చెయ్యి ఆనించుకుని నిలబడి ఉంది. మనిషి వారంలోనే చిక్కిపోయినట్టుంది. ఆమె వంతు వచ్చాక మేనల్లుడు నొక్కాడు. గడియారం బొమ్మ ఒక్కసారైనా తిరక్కుండానే పేజీ తెరుచుకుంది. పేరు, కార్డు నంబరు, పెళ్లి తేదీ.

"అరే, వచ్చేసింది," అన్నాడు మేనల్లుడు, తనే ఆశ్చర్యపోయి.

పక్కనే ఉన్న పరబ్రహ్మం తలాడించి వరస వైపు తిరిగాడు. "చూసినారా? చెయ్యి తిన్నగా ఉంటే మిషను కూడా తిన్నగా ఉంటాది."

దేవమణి కౌంటరు ఇవతలికి, వరసలో వాళ్లకి ఎదురుగా వచ్చింది. మొదటి మాట బయటికి రాలేదు. రెండోసారి కొంచెం గట్టిగా వచ్చింది.

"సోమవారం ఈ పేజీ తెరుచుకోకపోవటానికి కారణం నూకయ్య గారు కాదండి. నేను. కంప్యూటర్లో పేజీ రాసినది నేనే. తప్పు రాసినాను. పరీక్ష చెయ్యకుండా ఇక్కడికి పంపించినాను. ఆయన సరిగ్గానే నొక్కినారు. ఆయన తాగి రాలేదు. నేను పక్కనే ఉన్నాను, నాకు తెలుసు. ఆ రోజే చెప్పాల్సింది."

వెనక ఒక బెంగాలీ పెద్దాయన పక్కవాణ్ని ఏమంటోందని అడిగాడు. పక్కవాడు రెండు ముక్కల్లో చెప్పాడు. "ఠీక్ హై దీదీ, ఠీక్ హై. లైన్ చలనే దీజియే," అన్నాడు పెద్దాయన, ఇక వరస కదలనివ్వమని, చేతిగడియారం చూసుకుంటూ.

జోగమ్మ మాత్రం కిటికీ దగ్గర్నించి తిరిగి చూసింది.

"నీ తప్పా?"

"అవునమ్మా."

"ఐదు దినాలు తిరిగినాను. మందు నేక నిన్న గేటుకాడ కల్లు తిరిగి కూలబడిపోనాను. ఎవులో రిక్షా ఎక్కించినారు. నువ్వు మేడ మీద కూకుని రాసీసి ఎల్లిపోనావు. సూసుకోవక్కర్నేదేటి?"

"చూసుకోవాల్సింది."

"ఆ నూకయ్యని కూడా నాను మనసులో తిట్టుకున్నాను. ఈడు నా కార్డు పాడుసేసినాడని." ఆమె కళ్లనీళ్లు కొంగుతో ఒత్తుకుని, చీటీ తీసుకుని, దేవమణికి తగలకుండా పక్కనించి వెళ్లిపోయింది.

పరబ్రహ్మం దేవమణిని లోపలికి పిలిచాడు. "ఇలా అందరి ముందూ చెప్పాలా అమ్మాయ్? నాతో చెప్తే సరిపోయేది కదా."

"మీరు ఆయన్ని అందరి ముందే అన్నారు కదండీ."

ఆయన కుర్చీ చెయ్యి మీద వేళ్లు ఆడించాడు. పెళ్లి తేదీ గడి తనే ఫోను చేసి పెట్టించానని గుర్తుకొచ్చిందో లేదో. ఆమె గుర్తు చెయ్యలేదు. కాసేపటికి, "నూకయ్యని సోమవారం రమ్మని కబురు పెడతాను," అన్నాడు గోడ వైపు చూస్తూ.

ఆ కబురు కంటే ముందు రెండో కబురు ఖరిదా చేరింది. దేవమణి మెట్లెక్కేసరికి సోమేశ్వరరావు ఫోను పెట్టేస్తున్నాడు. శనివారం సంతకం లేదట. కమిటీ మళ్లీ ఆలోచిస్తుందట, కలకత్తాలో ఇంకెవరినో కూడా అడుగుతారట.

ఆయన అరవలేదు. అరిస్తే ఆమెకీ ఒక మాట అనడానికి వీలుండేది. కిటికీ దగ్గరికి వెళ్లి, అక్కడే నిలబడి, "నెలాఖరు దాకా రా. తరవాత చూద్దాం," అన్నాడు.

"సరే సార్."

ఆమె బల్ల దగ్గరికి వెళ్లి కూర్చుంది. పావుగంట తరవాత ఆయన గదిలోంచే పిలిచాడు.

"దేవమణీ. ఆ ముందే కంపైల్ చేసే పద్ధతి... వెళ్ళే లోపల కాగితం మీద రాసి పెట్టు. దేని తరవాత ఏదో వరసగా."

ఆమె నోటుపుస్తకంలో కొత్త కాగితం తిప్పి, పైన ఒకటి అని అంకె వేసింది.

సోమవారం ఇంకా ఆరున్నర కాలేదు. నూకయ్య సంఘం మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా, తలకి నూనె. ముందురోజు సాయంత్రం సొలొమోనుతో కబురు పంపించాడు, మణమ్మని ఎనిమిదికి ముందే ఒకసారి రమ్మనమని. ఎందుకో చెప్పలేదు.

దేవమణి రాగానే తాళం తీసి, లైటు వేసి, కౌంటరు మీద గుడ్డతో తుడిచాడు. కుర్చీ వెనక్కి లాగాడు. తను కూర్చోలేదు.

"నువ్వు కూకో."

"నేనా?"

"అన్నీ ఒక్కో పేజీ నొక్కు. నాను సూస్తాను. ముందు నీ సేత్తో తెరుసుకుంటే, తరవాత నాను నొక్కుతాను."

"ఇప్పుడు అన్నీ అక్కడే కంపైల్ చేసి తెచ్చినాను బాబాయ్. చూసినాను. తప్పు లేదు."

"నువ్వు సూసినావు. నాను సూన్నేదు."

ఆమె కూర్చుంది. ఆయన ఆమె కుడి పక్కన, కిందటి సోమవారం ఆమె కూర్చున్న స్టూలు మీద కూర్చుని, జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నాడు. మొదటి పేజీ తెరుచుకుంది. ఆయన తెరని పైనించి కిందకి చూసి తలూపాడు. రెండోది. మూడోది. కొన్నింటి దగ్గర ఇదేటి, అదేటి అని అడిగాడు. చెప్పింది. ఇరవై దాటేసరికి ఆమెకి మెడ నొప్పి మొదలైంది. మెట్ల మీద మాటలు వినబడ్డాయి. ఎవరో కిటికీ రెక్క తట్టారు. "ఎనిమిదవ్వనేదు," అన్నాడు నూకయ్య, తల తిప్పకుండా.

ముప్ఫై. ముప్ఫై అయిదు. ఆ వారం రోజుల అలసటంతా ఒక్కసారి ఆమె భుజాల మీదకి దిగింది. అయినా వేలు ఆడుతూనే ఉంది. నలభై తెరుచుకుంది. తరవాతదాని మీదకి బాణం గుర్తు జరిపింది.

"ఆగు," అన్నాడు నూకయ్య.

ఆమె చెయ్యి తీసింది. ఆయన స్టూలు దగ్గరికి జరుపుకుని, అరచెయ్యి చొక్కాకి తుడుచుకుని, మౌసు మీద పెట్టాడు. వేలు వణికింది. వణుకుతున్న వేలితోనే నొక్కాడు.

పేజీ వచ్చింది. పేరు. కార్డు నంబరు. పెళ్లి తేదీ.

నూకయ్య దాన్ని చివరి దాకా చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు. మౌసుని ఆమె వైపు జరిపాడు.

"ఇంకా ఇరవై రెండు," అన్నాడు. "కానీ. బైట జనం నిలబడిపోనారు."